కోనసీమ ఎవరిది? – ఒక ప్రాంతాభిమానము, దాని చారిత్రకాధారములు

గౌతమీ వసిష్ఠ శాఖల నడుమ, దక్షిణమున బంగాళాఖాతము వరకు వ్యాపించియున్న డెల్టా భూభాగమునకు కోనసీమ యని వ్యవహారము. అమలాపురము, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరము దీనిలోని ముఖ్యస్థానములు. ధవళేశ్వరము కడ చీలిన గోదావరి యీ సీమను ఇరువైపుల నుండి చుట్టుకొనగా, గన్నవరము కడ వసిష్ఠ నుండి వేరుపడిన వైనతేయ దీనిని మరల రెండుగా చీల్చి, ఓడలరేవు కడ సముద్రమున కలియుచున్నది. వైనతేయకు తూర్పున అమలాపురము, పడమట రాజోలు ఉన్నవి. నీటిచే చుట్టబడి, నీటిచే విభజింపబడి, నీటి వలననే జీవించుచున్న సీమ యిది.

ఈ సీమ సౌందర్యమును వర్ణించిన పద్యములకును, పాటలకును కొరత లేదు. చరిత్రమునకు మాత్రము కొరత కలదు. ఊరి పేరు చెప్పుకొని గర్వించువారు అనేకులున్నను, ఆ గర్వమునకు గల ఆధారములను పరిశీలించిన వారు అల్పసంఖ్యాకులు. 2022వ సంవత్సరమున ఈ లోపము మనకు స్పష్టముగ తెలిసివచ్చినది. ఆ యేడు ఏప్రిల్ 4వ తేదీన పూర్వపు తూర్పు గోదావరి జిల్లా నుండి వేరుచేయబడి, అమలాపురము కేంద్రముగ కోనసీమ జిల్లా యేర్పడెను. మే నెలలో ప్రభుత్వము దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరును చేర్ప సంకల్పించి ప్రాథమిక ప్రకటన వెలువరించెను. మే 24వ తేదీన అమలాపురమున జరిగిన నిరసన ప్రదర్శన హింసగ మారి, ఒక మంత్రి యొక్కయు, ఒక శాసనసభ్యుని యొక్కయు గృహములు దగ్ధమయ్యెను. పట్టణమున నిషేధాజ్ఞలు విధింపబడెను. దినముల తరబడి అంతర్జాల సేవలు నిలిచిపోయెను.

ఆ దినములలో నా తరగతిలోని విద్యార్థి యొకడు లేచి, “అయ్యా, ఇంతకును కోనసీమ ఎవరిది?” అని ప్రశ్నించెను. ఆ సీమలోనే పుట్టి పెరిగిన నేను వెంటనే సమాధానము చెప్పజాలనైతిని. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానము వెదకు ప్రయత్నము. ఇందు స్థలపురాణమును, శాసనమును, పరిపాలనా పత్రమును, జనుల జ్ఞాపకమును వేరువేరుగ నుంచి, ఏది యెంతవరకు చెప్పగలదో అంతవరకే గ్రహించుటకు యత్నించితిని.

1. పేరు

కోనసీమ యను పేరులోని పూర్వపదమును కొందరు సంస్కృత ‘కోణ’ శబ్దముగ గ్రహించి, త్రికోణాకారమున నున్నది గావున ఈ పేరు వచ్చెనందురు. మరికొందరు తెలుగు ‘కొన’ శబ్దమును చూపి, నది యొక్క చివరి భాగము గావున కోనసీమ యైనదందురు. రెండును వినుటకు సొంపుగనే యున్నవి. కాని భూపటములు లేని కాలమున సామాన్యజనులు తమ నేల త్రికోణాకారమున నున్నదని యెట్లు చూచిరో మొదటి వాదము చెప్పదు. శబ్దసామ్యమును మించిన ప్రమాణము రెండవదానికిని లేదు. వ్యుత్పత్తి చరిత్రకు సహాయకారి కావచ్చును గాని, చరిత్ర స్థానమును ఆక్రమింపరాదు.

శాసన ప్రమాణమున్నచోట మనము దృఢముగ నిలువవచ్చును. పిఠాపురము కుంతీమాధవస్వామి యాలయమునందలి శిలాస్తంభముపై శకవర్షము 1117, అనగా క్రీ. శ. 1195 నాటి శాసన మొకటి కలదు. దీనిని హుల్ట్‌జ్ పండితుడు ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాల్గవ సంపుటమున ప్రకటించెను. మల్లిదేవుడు, మన్మసత్యుడు అను ప్రభువులు కోనమండలము నేలుచుండిరని దీనివలన తెలియుచున్నది. వారు తమను హైహయ వంశీయులుగ చెప్పుకొనిరి. వారి వంశావళిలో ముమ్మడిభీముడను పేరు పునరుక్తమగుచున్నది. ముమ్మిడివరము గ్రామనామమునకును, ఈ పేరునకును సంబంధ ముండునేమో యని తోచుట సహజము. కాని యది ఊహ మాత్రమే యని మరువరాదు.

ఈ శాసనము మనకు మూడు విషయములను చెప్పుచున్నది. మొదటిది: ‘కోన’ యను ప్రాంతనామము ఎనిమిది వందల యేండ్లకు మించిన ప్రాచీనత గలది. రెండవది: ఆ నామము నాడొక రాజకీయ విభాగమునకు, అనగా ‘మండలము’నకు చెందినది. మూడవది: కోన ప్రభువుల శాసనము నేటి కోనసీమలో గాక గౌతమి ఆవలి యొడ్డుననున్న పిఠాపురమున లభించుటచే, నాటి కోనమండలపు ఎల్లలును నేటి కోనసీమ యెల్లలును ఒక్కటియే యని భావించుటకు వీలు లేదు. పేరు నిలిచినది, ఎల్లలు మారినవి.

అటుపిమ్మట కాకతీయులు, రాజమహేంద్రవరపు రెడ్లు, గజపతులు, గోలకొండ సుల్తానులు, నిజాములు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు క్రమముగ ఈ తీరమును పాలించిరి. ఆంగ్ల పరిపాలనమున ఈ భూభాగము తాలూకాలుగ విభజింపబడి గోదావరి జిల్లాలో అంతర్భాగమయ్యెను. 1925లో ఆ జిల్లాకు తూర్పు గోదావరి యని పేరు మారినపుడు ఇది దానిలోనే నిలిచెను. కావున కోనసీమ యను పేరు చిరకాలము ప్రభుత్వ పత్రములలో కంటె ప్రజల వ్యవహారమునందే బ్రతికినదని చెప్పవచ్చును. 1951లో అమలాపురమున స్థాపితమైన కళాశాల తన పేరిట ‘కోనసీమ’ శబ్దమును ధరించుట దీనికొక నిదర్శనము. 2022లో జిల్లా నామముగ ఆ శబ్దము ప్రభుత్వముద్ర పొందుటకు డెబ్బది యేండ్లు పూర్వమే విద్యాసంస్థ దానిని స్వీకరించినది.

2. నేల, నీరు

కోనసీమను గూర్చి మాటలాడువారు దాని సస్యశ్యామలత్వమును అనాదిసిద్ధమైన దానివలె చెప్పుచుందురు. ఇది చారిత్రకముగ సరికాదు. ఆనకట్టకు పూర్వము గోదావరి డెల్టా వరదకును, క్షామమునకును నడుమ నలిగిన నేల. 1833 ప్రాంతపు నందన క్షామమును తెలుగు జనులు తరములపాటు మరువలేదు. 1839లో ఘోరమైన తుపాను తీరమును ముంచెను. 1821లో 7,38,000 పైచిలుకుగ నుండిన రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,000కు తగ్గెను. ఇరువది యేండ్లలో నాల్గవవంతు జనము తగ్గిన జిల్లాను ‘అన్నపూర్ణ’ యని పిలువగలవారెవ్వరు?

1844లో హెన్రీ మాంట్‌గోమరీ సమర్పించిన నివేదిక పిమ్మట ఆర్థర్ కాటను ఆనకట్ట ప్రతిపాదనమును సిద్ధపరచెను. ధవళేశ్వరము కడ 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసెను. మధ్యడెల్టాకు, అనగా కోనసీమకు, బొబ్బర్లంక కడ తలుపుల నుండి కాలువ తీయబడెను. అయితే రాజోలు లంకకు నీరు చేర్చుటెట్లు? నడుమ వైనతేయ యున్నది. హెయిగ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున గన్నవరము కడ నదిమీదుగ కాలువను గొనిపోవు అక్విడక్టు నిర్మింపబడెను. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు గల 49 కమానులపై నీరు నదిని దాటెను. క్రింద నది, పైన కాలువ. ఒక నీటిపై మరియొక నీరు నడచుట చూచి నాటి జనులు ఎంత విస్మయపడిరో ఊహింపవచ్చును. ఆ కట్టడము సుమారు నూటయేబది యేండ్లు సేవచేసిన పిమ్మట, 2000 ప్రాంతమున దాని ప్రక్కనే క్రొత్తది నిర్మింపబడి, దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టబడినది.

కాటను విగ్రహములు డెల్టాలో పలు గ్రామములందు కలవు. ఆ గౌరవము అర్హమైనదే. కాటనుకు తోడ్పడిన వీణెం వీరన్న పేరును కూడ ధవళేశ్వరము జ్ఞాపక ముంచుకొన్నది. కాని రాతిని పగులగొట్టినవారు, సున్నము గానుగలాడించినవారు, కాలువ త్రవ్వి మట్టితట్టలు మోసినవారు ఎవ్వరు? వారి పేర్లు ఏ శిలపైనను లేవు. వారి వంశీయులు నేటికిని ఈ సీమలోనే యున్నారనుట నిస్సంశయము. నేలను పండించిన నీటిపై గర్వపడునపుడు ఆ నీటిని తెచ్చిన చేతులను లెక్కింపకుండుట చరిత్రకు లోపము.

నీరు వచ్చిన తరువాత భూమికి విలువ పెరిగెను. వరి, కొబ్బరి, అరటి విస్తరించెను. అంబాజీపేట కొబ్బరి విపణి దేశమున ప్రసిద్ధి వహించెను. కొబ్బరిపీచుతో త్రాళ్లు పేనువారును, బండారులంక, పుల్లేటికుర్రు మొదలగు గ్రామములలో మగ్గము నేయువారును ఈ సంపదకు తోడైరి. అయితే భూమి గలవానికిని, ఆ భూమిలో పనిచేయు పాలేరుకును ఈ సంపద సమానముగ చెందలేదు. ఈ సంగతిని చెప్పవలసిన సందర్భము క్రింద రాగలదు.

నీటి వలన కలిమియే కాక కీడును కలుగును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై విరుచుకుపడిన తుపాను వేయిమందికి పైగా ప్రాణములను హరించెను. తరతరముల కొబ్బరిచెట్లను కూల్చివేసెను. అప్పుడు నేను పాఠశాల విద్యార్థిని. తెల్లవారి చూడగా మా వీధికిని, ఊరి చివరి పేటకును నడుమ నుండిన తోట లేదు. ఒకరి యిల్లు మరియొకరికి కనబడుచుండెను. ఆ వారము మాత్రము ఎవరు ఎవరి పొయ్యిపై వండిన గంజి త్రాగిరో అడిగినవారు లేరు.

2011లో ఈ సీమ రైతులు మరియొక విధముగ దేశదృష్టిని ఆకర్షించిరి. మురుగుకాలువలు పూడిపోవుట, కూలి వ్యయము పెరుగుట, ధాన్యమునకు గిట్టుబాటు ధర లేకపోవుట యను కారణములచే సార్వా పంటకు విరామము ప్రకటించి వేలాది యెకరములను బీడుగ వదలిరి. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన సంఘమును నియమించి కారణములను విచారింపజేసెను. కాటను కాలువలపై గర్వపడు సీమలోనే ఆ కాలువల మురుగు తీయలేక సేద్యము విడిచిపెట్టవలసి వచ్చుట గమనింపదగినది. వారసత్వమును కాపాడుట యనగా దానిని పొగడుట మాత్రమే కాదని ఈ ఘటన బోధించుచున్నది.

3. రేవులు, దేవళములు

వంతెనలకు పూర్వము కోనసీమలోనికి ప్రవేశింపదలచినవాడు రేవు దాటక తప్పదు. ఎదురులంక–యానాము వంతెన 2002లో పూర్తియైనది. కాకినాడ నుండి కోటిపల్లి వరకు 1928లో వేసిన రైలుమార్గము గౌతమి యొడ్డుననే నిలిచిపోయినది. అదియును రెండవ ప్రపంచ యుద్ధకాలమున తొలగింపబడి, 2004లో గాని పునరుద్ధరింపబడలేదు. కావున పడవ నడపువాడే ఈ సీమకు ద్వారపాలకుడుగ నుండెను. లంక, రేవు అను పదములు చేరిన గ్రామనామములు ఇచ్చట తరచుగ కనబడుట ఈ జీవనమునకు సాక్ష్యము.

ఈ సీమ ఏకాంతమున నుండినదను భావము మాత్రము సరికాదు. నదులు భూమార్గమును అడ్డగించినను సముద్రమార్గమును తెరచినవి. అమలాపురమునకు సమీపమున వైనతేయ ముఖము కడనున్న బెండమూరులంకలో ఆంగ్ల వర్తకసంఘమునకు పదునెనిమిదవ శతాబ్దమున వర్తకస్థానము ఉండెను. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని వశపరచుకొనెను. ఐరోపా జాతుల యుద్ధము ఒక లంకగ్రామమును తాకినదనగా, ఆ గ్రామపు నేత వస్త్రములును, ఓడలును ప్రపంచ వాణిజ్యముతో ముడిపడియుండెనని యర్థము.

సముద్రమున జీవించినవారి దాతృత్వమునకు అంతర్వేది శ్రీ లక్ష్మీనరసింహస్వామి యాలయము నిలువెత్తు సాక్ష్యము. వసిష్ఠ సముద్రమున కలియుచోట నున్న ఈ యాలయమును ఇప్పటి రూపమున కట్టించినవాడు అగ్నికుల క్షత్రియుడైన కొపనాతి కృష్ణమ్మ. నిర్మాణము 1823లో పూర్తియైనది. ఆనకట్టకు ముప్పది యేండ్ల పూర్వము, ఆ కరవు రోజులకు చేరువలో, నదీసముద్రములను నమ్ముకొని బ్రతికిన సమాజము నుండి వచ్చిన వ్యక్తి ఇంతటి దేవళమును నిలబెట్టెను. కోనసీమ సంస్కృతిని అగ్రహారములకు మాత్రమే పరిమితము చేయువారు ఈ సంగతిని జ్ఞాపకమున నుంచుకొనవలయును. 2020 సెప్టెంబరులో ఆ స్వామి రథము అగ్నికి ఆహుతియైనపుడు సీమ యంతయు కలత చెందెను. 2021 ఫిబ్రవరిలో క్రొత్త రథము నడచెను.

4. పదునొకండు ఊర్ల తీర్థము

కోనసీమ ప్రజల సామూహిక జీవనమును ఒక్కచోట చూడదలచినవారు కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటకు పోవలయును. అచ్చట ఆలయము లేదు. కొబ్బరితోట మాత్రమే కలదు. ఆ దినమున వ్యాఘ్రేశ్వరము, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పెదపూడి గ్రామముల శివమూర్తులు ఏకాదశ రుద్రులుగ అచ్చట సమావేశమగుదురు. పదునేడవ శతాబ్దమున ఈ తీర్థము ఆరంభమైనదని స్థానిక సంప్రదాయము. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యమిచ్చువాడు. వ్యాఘ్రేశ్వరుడు సభకు అధ్యక్షుడు. వ్యాఘ్రేశ్వరుని ప్రభ రాగానే తక్కిన ప్రభలను ఒకమారు పైకెత్తి గౌరవము చూపుదురు.

ప్రభ యనగా వెదురుతో కట్టి, రంగుల వస్త్రములతో అలంకరించిన అర్ధచంద్రాకారపు ఎత్తైన కట్టడము. దీనికి చక్రములు లేవు. మనుష్యుల భుజములే ఆధారము. గంగలకుర్రు, అగ్రహారపు ప్రభలు కౌశిక ప్రవాహమును నీటిలో దిగి దాటవలసియుండును. మోయువారు కంఠము వరకు మునిగినను ప్రభను ఒరగనీయరు. పండుచున్న చేల మీదుగ ప్రభ నడచినను రైతు అభ్యంతరము చెప్పడు; దేవుడు నడచిన చేను బాగుగ పండునని అతని నమ్మకము.

ఈ తీర్థమును చారిత్రక దృష్టితో చూచినచో ఒక విశేషము గోచరించును. పదునొకండు గ్రామములకు పదునొకండు ప్రభలు. ఏ గ్రామమునకు దాని ప్రభ గొప్పది. ప్రభ యెత్తు, అలంకారము, వాద్యము, బాణసంచా మొదలగు విషయములలో పోటీ తీవ్రమైనదే. అయినను ఆ పోటీ సమావేశమునకు లోబడియే యుండును. ఒక గ్రామము రాకపోయినచో ఏకాదశ సంఖ్య పూర్తికాదు గావున, ప్రతి గ్రామము యొక్క గర్వము తక్కిన పదింటిపై ఆధారపడియున్నది. ఊరి యభిమానమునకు ఇంతకంటె ఆరోగ్యకరమైన రూపము వేరొకటి దుర్లభము. 2023 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముగ ప్రభల తీర్థమే ప్రదర్శింపబడినది. ఆ గౌరవము ఏ యొక్క గ్రామమునకు గాక ఆ కూడికకు లభించినదని నా భావము.

5. అన్నము, అక్షరము

కోనసీమకు అన్నదానమున కీర్తి తెచ్చినది డొక్కా సీతమ్మ (1841–1909). మండపేటలో జన్మించి, లంకల గన్నవరమున కాపురముండి, నది దాటి వచ్చు బాటసారులకు వేళ యనక అన్నము పెట్టిన యిల్లాలు ఆమె. గన్నవరము రేవుగ్రామమగుటచే ఆకలిగొన్నవారు అచ్చటికి చేరుట సహజము. ఆమె దానగుణమునకు భౌగోళికమైన సందర్భము కూడ కలదని దీనివలన తెలియుచున్నది. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు ఆహ్వానము వచ్చినను ఆమె పోలేదనియు, అందుచే ఆమె చిత్రమును తీయించిరనియు ప్రసిద్ధి. నీటిని నది దాటించు క్రొత్త అక్విడక్టునకు, 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టుట సముచితముగ నున్నది.

వేదవిద్య కోనసీమకు మరియొక కీర్తి. ఇచ్చటి అగ్రహారములలో ఘనాంతము చదివినవారును, నిత్యాగ్నిహోత్రులును చిరకాలము నిలిచిరి. డేవిడ్ నైప్ అను అమెరికా పండితుడు గోదావరి డెల్టాలోని ఆహితాగ్నుల కుటుంబములతో దీర్ఘకాలము పరిచయము నెరపి, వారి జీవనమును గూర్చి 2015లో ఒక గ్రంథమును ప్రకటించెను.

అదే సీమలో, రాజోలు ప్రాంతపు మామిడికుదురున, 1911లో బోయి భీమన్న జన్మించెను. ఈయన ‘పాలేరు’ నాటకము, పొలములో పనిచేయువాని బిడ్డకు చదువు ఏల దక్కరాదని తెలుగుదేశమును ప్రశ్నించెను. ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యమునకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. కోనసీమ అక్షరకీర్తిని లెక్కించువారు ఘనపాఠిని చెప్పి భీమన్నను మరచినను, భీమన్నను చెప్పి ఘనపాఠిని మరచినను ఆ లెక్క తప్పు. ఇరువురిని పెంచిన నీరు ఒక్కటే. అయితే ఇరువురికి ఆ నీరు ఒకే బావి నుండి లభింపలేదు. ఈ రెండు వాక్యములను కలిపి వ్రాయగలిగిననాడే కోనసీమ చరిత్ర సమగ్రమగును.

జాతీయోద్యమమునను ఈ సీమ వెనుకబడలేదు. 1931లో వాడపల్లి వేంకటేశ్వరస్వామి రథోత్సవమున రథముపై జాతీయ పతాకమును, గాంధీ చిత్రపటమును నిలిపినందుకు పోలీసులు కాల్పులు జరిపిరి. జనులు ప్రాణములు కోల్పోయిరి. దేవుని రథమే ఉద్యమ వేదికయైన సందర్భమిది. ముక్కామల వాసి కళా వెంకటరావు (1900–1959) కాంగ్రెసు నాయకుడుగను, మంత్రిగను పేరుపొందెను. ఎదురులంకకు చెందిన గంటి మోహనచంద్ర బాలయోగి 1998లో లోకసభాధ్యక్షుడయ్యెను. ఆ పీఠము నధిష్ఠించిన తొలి దళితుడాయన. 2002 మార్చి 3న కైకలూరు కడ హెలికాప్టరు ప్రమాదమున మరణించెను. ఎదురులంక–యానాము వంతెన ఆయన పేరు వహించుచున్నది. ఏకాదశ రుద్రుల గ్రామము నుండి ఒకడు, గౌతమీ లంక నుండి ఒకడు సీమ పేరును సీమ వెలుపలకు గొనిపోయిరి.

6. మరల పేరు

ఈ సాక్ష్యములను దగ్గర నుంచుకొని 2022 నాటి వివాదమును పరిశీలింతము. జిల్లా పేరును మార్చరాదనినవారు ‘కోనసీమ’ శబ్దపు ప్రాచీనతను ఆధారముగ చూపిరి. శబ్దము ప్రాచీనమైనదే, 1195 నాటి శాసనము దానికి ప్రమాణము. కాని ఆ శాసనమే ఈ పేరు ఎల్లలు మార్చుకొనుచు, పాలకులను మార్చుకొనుచు, మండలమై, సీమయై జీవించినదని కూడ చెప్పుచున్నది. ఎనిమిది శతాబ్దములు ఏ ప్రభుత్వముద్ర లేకయే నిలిచిన పేరునకు మరియొక పేరు ప్రక్కన చేరుట వలన హాని కలుగుననుటకు చరిత్రలో ఆధారము లేదు. ఆ యేడు జూన్ నెలలో మంత్రివర్గము ఆమోదించిన ‘డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా’ యను నామమున ‘కోనసీమ’ యథాతథముగ నిలిచియేయున్నది.

పేరు విషయమున అభిప్రాయభేదము ఉండవచ్చును. అది పౌరుల హక్కు. గృహదహనమునకు మాత్రము ఏ శాసనమును, ఏ స్థలపురాణమును సాక్ష్యమీయవు. ఆ దినము మన పట్టణమున కాలినవి రెండు ఇండ్లు మాత్రమే కావు. పదునొకండు ప్రభలను ఒక తోటలో నిలుపగలిగిన సీమ యను మన గర్వమునకు కూడ సెగ తగిలినది. ఈ మాట వ్రాయుట నాకు కష్టముగ నున్నది. వ్రాయకుండుట మరింత కష్టము. తన ఊరిని ప్రేమించువాడు దాని తప్పును చెప్పనిచో, ఆ పని పరులకు అప్పగించినవాడగును.

7. పరిశోధకులకు మనవి

ప్రాంతచరిత్ర రచనకు కావలసిన సామగ్రి కోనసీమలో లభ్యమే. ద్రాక్షారామ, పిఠాపుర శాసనములు ప్రకటితములు. మెకంజీ దొర కావలి సోదరుల సహాయమున సేకరింపజేసిన కైఫీయతుల వలె, ప్రతి గ్రామమునకు సంబంధించిన వృత్తాంతములను వెలికితీయవచ్చును. 1984లో కరణీక వ్యవస్థ రద్దగుటతో అనేక గ్రామములలోని పాత లెక్కలు ఇండ్ల అటకలపై చేరినవి. చెదలు వానికి చరిత్ర విలువ నెరుగవు. దేవాలయముల దానపత్రములు, రేవు పాటల కాగితములు, పాఠశాలల హాజరుపట్టీలు, చేనేత సహకార సంఘముల పుస్తకములు పరిశీలనార్హములు.

వ్రాతలో లేనిదానిని నోటి నుండి సేకరింపవలయును. పడవవారి పాటలు, ప్రభ మోయువారి కేకలు, పీచు పనిలోని స్త్రీల మాటలు, కాలువ మరమ్మతు కూలీల పదజాలము తెలుగు శాఖల విద్యార్థులకు స్వక్షేత్రములు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క గ్రామమును స్వీకరించినను పది యేండ్లలో ఈ సీమకు తగిన చరిత్ర సిద్ధమగును. అయితే సేకరించునపుడు ఊరి నడిమివీధితో నిలిచిపోరాదు. ఊరి చివరి పేటకు కూడ పోవలయును. అచ్చట శాసనములు లేకపోవచ్చును, జ్ఞాపకములు కలవు.

తరగతిలో ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నకు నేడు నేను చెప్పగల సమాధానమిది. కోన ప్రభువుల శాసనము చెక్కినవానిది, అంతర్వేది దేవళమునకు ధనమిచ్చిన కృష్ణమ్మది, గన్నవరపు కమానులకు రాయి మోసిన పేరులేని కూలివానిది, సీతమ్మది, ఘనపాఠిది, భీమన్నది, కౌశికలో కంఠము వరకు మునిగియు ప్రభను ఒరగనీయని యువకునిది ఈ కోనసీమ. వీరిలో ఒక్కని పేరు విడిచినను పదునొకండింట ఒక ప్రభ తగ్గిన తీర్థమువలె మన చరిత్ర అసంపూర్ణమగును. ఆ విద్యార్థి ఇప్పుడు తన గ్రామపు రేవు చరిత్రను సేకరించుచున్నాడు. ఆ పని పూర్తియైన పిమ్మట ఈ వ్యాసమునందలి లోపములను అతడే సరిదిద్దునని ఆశించుచున్నాను.